మోటార్‌హోమ్ ట్రిప్: ప్యాకింగ్ మొదలెట్టే ముందు చదవండి

అందరికీ హాయ్, మనం వెళ్లేది మోటార్‌హోమ్‌లో, అంటే పడక, వంట, టాయిలెట్ అన్నీ లోపలే ఉండే బండిలో, అందుకే ముందే చెప్పేస్తున్నా, గట్టి సూట్‌కేసులు వద్దండి బాబూ. మెత్తటి బ్యాగులైతే ఖాళీ చేసి మడతపెట్టి సీటు కింద తోసేయొచ్చు, పెట్టె అయితే ట్రిప్ అయ్యేదాకా కాళ్లకి అడ్డమే.

అసలు సంగతి బరువు. బండి గరిష్ఠ బరువు పేపర్లలో రాసుంటుంది, మనుషులు, సామాన్లు, నీళ్లు, గ్యాస్ అన్నీ కలిపి అది దాటకూడదు. 100 లీటర్ల నీళ్లంటే 100 కేజీలు మరి, దిగే చోట నీళ్లు దొరికితే దారికి సరిపడా పోసుకుంటే చాలు. బరువైనవి కింది అరల్లో, వీలైనంత యాక్సిల్ (చక్రాల ఇరుసు) దగ్గర్లో పెట్టండి. అన్నీ వెనక్కి తోసేస్తే ముందు చక్రాల మీద బరువు తగ్గి స్టీరింగ్ తేలిపోయినట్టుంటుంది. పై అరల్లో దుప్పట్లు, బట్టలు అంతే. ప్లేట్ల మధ్య తువ్వాలు ముక్క పెట్టండి, లేకపోతే ప్రతి మలుపులో గలగలే! బయల్దేరే ముందు అర తలుపులు, ఫ్రిజ్ లాక్ టక్‌మని పడ్డాయో లేదో చేత్తో లాగి చూడాలి.

తాగే నీళ్ల పైపు వేరు, టాయిలెట్ క్యాసెట్ (మలమూత్రాలు చేరే, బయటికి తీసి ఖాళీ చేసే ట్యాంకు) కడిగే పైపు వేరు, ఒకే డబ్బాలో పెట్టొద్దు ప్లీజ్. గ్లోవ్స్, టాయిలెట్ లిక్విడ్, చక్రాల కింద పెట్టే ర్యాంపులు, టార్చ్ నా దగ్గరున్నాయి. హెయిర్ డ్రయ్యర్లు, కరెంటు కెటిల్ తెచ్చేవాళ్లకి ఒక మాట, బయటి కరెంటు కనెక్షన్ లేని చోట అవి పనిచేయవనే అనుకోండి, ఫోన్లకి 12 వోల్టుల ఛార్జర్ తెచ్చుకోండి.

ఫస్ట్ ఎయిడ్ కిట్ ఎవరు తెస్తున్నారో ఇక్కడే చెప్పండి, మళ్లీ నాలుగు వస్తాయి.