కిడ్నీ మార్చాక వచ్చే గడ్డలకి టీ కణాల మందు మనకీ కావాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

మాది కంచిలి మండలం. ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి, డయాలసిస్ గురించి, తాగునీటి గురించి మీ పేపర్లో చాలాసార్లు చదివాను. కిడ్నీ మార్పిడి అయినవాళ్ల తర్వాతి కష్టం గురించి కూడా రాయండి.

మా తమ్ముడికి అమ్మ కిడ్నీ ఇచ్చింది. ఏడో నెలలో మెడ పక్కన ఉసిరికాయంత గడ్డ లేచింది, సాయంత్రమైతే జ్వరం. దగ్గర్లో చూపిస్తే టీబీ అన్నారు. విశాఖలో ముక్క తీసి పరీక్షిస్తే గానీ తెలియలేదు, అది ఎప్‌స్టీన్ బార్ వైరస్ వల్ల వచ్చిన లింఫోమా, అంటే ఒక రకం రక్తకణాల క్యాన్సర్ అని. పెద్దవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా ఒంట్లో ఈ వైరస్ నిద్రపోతూ ఉంటుందట, మన టీ కణాలు, అంటే వైరస్‌లతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణాలు, దాన్ని లేవనివ్వవు. కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా టాక్రోలిమస్ లాంటి మాత్రలు వేసుకుంటారు కదా, అవి ఆ కాపలానే బలహీనం చేస్తాయి. మాత్రలు తగ్గిస్తే గడ్డ తగ్గొచ్చు గానీ, అమ్మ ఇచ్చిన కిడ్నీ ఎక్కడ పోతుందోనని ఇంటిల్లిపాదికీ టెన్షన్. చివరికి మాత్రలు తగ్గించి రిటుక్సిమాబ్ అనే క్యాన్సర్ మందు ఎక్కించాక కరిగింది. అందరికీ కరగదు.

కరగనివాళ్లకి ఇంకో దారి ఉంది. ఆరోగ్యంగా ఉన్న దాత రక్తంలోంచి ఈ వైరస్‌ని గుర్తుపట్టే టీ కణాలు తీసి, ల్యాబులో పెంచి, దాచిపెట్టి, హెచ్‌ఎల్‌ఏ (కణాల మీద ఉండే గుర్తింపు ముద్రలు, ఒక్కొక్కరికీ వేరుగా ఉంటాయి) కొంతవరకైనా కలిసిన రోగికి ఎక్కిస్తారు. 'ఎబ్‌వాలో' పేరుతో యూరప్ 2022 డిసెంబరులో దీనికి అనుమతి ఇచ్చింది, రెండేళ్లు నిండిన పిల్లలకి కూడా. ఇది మనవల్ల కాదని ఎవరూ అనకండి. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి చేసిన నెక్స్‌కార్19 అనే రక్త క్యాన్సర్ చికిత్సకి 2023లోనే అనుమతి వచ్చింది. అది రోగి సొంత కణాలతో చేసే వేరే రకం చికిత్స, అయినా టీ కణాలు తీసి పెంచే పని మనవాళ్లకి వచ్చినట్టే కదా. హెచ్‌ఎల్‌ఏ తేలిగ్గా కలవాలంటే బ్యాంకులో మన జనం కణాలు ఉండాలి. ప్రభుత్వం ఆ బ్యాంకు పెడితే రక్తం ఇవ్వడానికి మా ఊరి కుర్రాళ్లు ముందుంటారు.

ఈలోగా, మార్పిడి అయినవాళ్లకి మొదటి ఏడాదైనా ఈ వైరస్ పీసీఆర్ పరీక్ష క్రమం తప్పకుండా, ఉచితంగా, ఇళ్లకి దగ్గర్లో జరిగేలా చూడాలి. పలాసలో 200 పడకల ఆసుపత్రి ఉంది, రీసెర్చ్ సెంటర్ ఉంది, రక్తం అక్కడ తీసుకుని రిపోర్టు విశాఖ డాక్టరుకి పంపినా చాలు. మా తమ్ముడు ఇప్పటికీ ఒక్క ట్యూబు రక్తం ఇవ్వడానికి మాస్కు పెట్టుకుని, జనరల్ బోగీలో నిలబడి విశాఖ వెళ్లొస్తున్నాడు.

– ఒక పాఠకురాలు, కంచిలి మండలం, శ్రీకాకుళం జిల్లా