ఇది అమ్మకి చదివి వినిపించకండి

స్టుట్‌గార్ట్,
నవంబరు 12

నాన్నకి నమస్కారాలు.

ఆఫీసు మామూలే. చలి మొదలైంది. మీరు పంపిన అప్పడాలు సగం విరిగిపోయి వచ్చాయి. విరిగినా బరంపురం అప్పడాలే కదా, రోజుకి రెండు ముక్కలు వేయించుకుంటున్నాను.

అమ్మ పక్కనే ఉందని ఫోన్లో నాటకం సంగతి సరిగ్గా చెప్పలేదు. మొదటి ఆటకి ఇంకా మూడు వారాలుంది. బెకెట్ రాసిన 'ప్లే'. 1963లో మొదటిసారి ఆడింది ఇక్కడికి దగ్గర్లోని ఉల్మ్‌లోనే. ఒక మొగుడు, పెళ్లాం, ఇంకో ఆవిడ. నేను మొగుణ్ని. ముగ్గురం మెడదాకా బూడిదరంగు కుండల్లో ఉంటాం. అస్థికలు పెట్టే కుండలు. అమ్మ అడిగితే ఘటం అని చెప్పండి. ఠాకురాణీ అమ్మవారి యాత్రలో ఆడవాళ్లు ఎత్తుకుంటారే, అలాంటిదని. మరీ అబద్ధమేం కాదు.

కుండ ఎత్తు గజమే. కూర్చుంటే కుండ లావైపోతుందట, రచయిత ఒప్పుకోడు. స్టేజీ కింద గోతిలో నిలబడాలి, లేదా మోకాళ్ల మీద ఉండాలి. మా హాల్లో గొయ్యి లేదు. కంగారు పడకండి, దిండు వేసుకుంటున్నాను. ముఖానికి మట్టి పూస్తారు. ఎండి బిగుసుకున్నాక ముక్కు దురద పెడుతుంది, చేతులేమో కుండలో.

ఎదురుగా ఒక్కటే లైటు. ముఖం మీద పడగానే మాట్లాడాలి, తప్పుకోగానే మాట సగంలో ఉన్నా ఆపేయాలి. గబగబా, రాగం లేకుండా. రాయబారంలో మీరు ఒక్క పద్యాన్ని ఎంతసేపు లాగేవారు! నా గొంతులో పాట దూరుతోందని డైరెక్టరమ్మ రోజూ తిడుతోంది. అది ఎవరి గొంతో ఆవిడకేం తెలుసు.

ఒకటి మాత్రం మీకు నచ్చుతుంది. అయిపోగానే నాటకమంతా మళ్లీ మొదట్నుంచీ ఆడాలి, అలాగే రాసి ఉంది. మీకు జనం ఈలలేస్తేనే వన్స్ మోర్. మాకు ఎవరూ అడక్కపోయినా వన్స్ మోరే.

పాపకి బళ్లో ఎలాగూ ఒడియానే, తెలుగు అక్షరాలు మీరే దిద్దించండి. చెల్లి పని హడావుడిలో పట్టించుకోదు.

ఈ మొగుడికి మాటల మధ్య ఎక్కిళ్లు వస్తాయి. నాకు దొంగ ఎక్కిళ్లు ఎంతకీ కుదరలేదు. మొన్న నిజంవే పట్టుకున్నాయి. లైటు తప్పుకున్నా ఆగవే! చీకట్లో నా కుండ ఒక్కటే ఎక్కిళ్లు పెడుతోంది. అమ్మ తలుచుకుంటోంది అనుకున్నాను. తర్వాత గడియారం చూస్తే అప్పటికి మీకు అర్ధరాత్రి దాటింది. ఆవిడ నిద్రపోవట్లేదా? షుగర్ చూపించారా? నాకు దాచకుండా రాయండి. నేనేం దాస్తున్నానని అనకండి, ఇప్పుడే కదా అంతా రాశాను.

ఆట ఇక్కడ రాత్రి ఎనిమిదికి, మీకు పన్నెండున్నర. మేలుకుని కూర్చోవద్దు. అమ్మ గుడి నుంచి ఏదైనా పంపుతానంటే కుంకుమ పంపమనండి. విభూది వద్దు.

మీ చిన్నోడు