నాలుగు గళ్ళూ నింపు

ఒరేయ్ రఘూ,

పాటలు వింటూ చదివేవాళ్ళకి బాగా గుర్తుంటుందని నీ వాదన. "కళ్ళారా చూస్తుంటే ఇంక పరిశోధన ఎందుకురా" అన్నావు. అక్కడే వచ్చింది చిక్కు. నీకు గుర్తున్నది పాటలు విని మార్కులు తెచ్చుకున్నవాళ్ళే. విన్నా మార్కులు రానివాళ్ళెంతమంది? వినకుండానే తెచ్చుకున్నవాళ్ళు? వినకా, తెచ్చుకోకా ఉన్నవాళ్ళు? ఈ నాలుగు గళ్ళూ నిండితేగానీ సంబంధం ఉందో లేదో తేలదు. బుర్ర మాత్రం మొదటి గడితోనే తృప్తిపడిపోతుంది. 1996లో రెడెల్మయర్, ట్వర్‌స్కీ అనే పరిశోధకులు కీళ్ళవాతం ఉన్న 18 మందిని 15 నెలలపాటు గమనించారు. వాతావరణం మారితే నొప్పి పెరుగుతుందని వాళ్ళలో చాలామందికి గట్టి నమ్మకం. నొప్పి లెక్కా, వాతావరణం లెక్కా పక్కపక్కన పెట్టి చూస్తే సంబంధమే కనిపించలేదు.

సరే, గళ్ళు నింపావు, తేడా కూడా కనిపించింది. అయినా అది పాటల వల్లే అనలేం. పాఠం ముందే వచ్చినవాళ్ళే ధీమాగా పాటలు పెట్టుకుంటున్నారేమో! అందుకే ఎవరు వినాలో వాళ్ళ ఇష్టానికి వదలకూడదు. సగం చీటీల మీద 'పాట', సగం మీద 'నిశ్శబ్దం' అని రాసి, మడిచి, బాగా కలిపి, తలా ఒకటి తీయించు. ముందొచ్చినవాళ్ళు ఇటు, తర్వాతొచ్చినవాళ్ళు అటు అన్నావో, పని చెడినట్టే. పెందలాడే వచ్చేవాళ్ళూ ఆలస్యంగా వచ్చేవాళ్ళూ ఒకే రకం మనుషులు కారు. నచ్చని చీటీ వచ్చిందని ఎవరైనా బతిమాలినా మార్చకు. పాఠం, సమయం, ప్రశ్నలు అందరికీ ఒకటే.

జవాబులు దిద్దేవాళ్ళకి ఏ కాగితం ఏ గుంపుదో తెలియకూడదు. అది అనుమానం కాదురా, జాగ్రత్త. జర్మనీలో హాన్స్ అనే గుర్రం లెక్కలకి జవాబుని గిట్టతో కొట్టి చెప్పేది. 1907లో ఫంగ్‌స్ట్ అనే పరిశోధకుడు పరీక్షిస్తే, ప్రశ్న అడిగేవాడికే జవాబు తెలియనప్పుడు అది తడబడింది. సరైన అంకె రాగానే అడిగేవాడి తల తెలియకుండానే కాస్త కదిలేది, గుర్రం అది చూసి ఆగిపోయేది. అందులో మోసమేమీ లేదు, అడిగేవాడు చిత్తశుద్ధితోనే అడిగాడు. నీ మంచితనం కూడా ఇక్కడ కాపాడదు.

ఇక ఎంతమంది కావాలి? పదీ పదిహేనూ చాలవు. రెండు గుంపుల సగటుల మధ్య తేడా ప్రామాణిక విచలనంలో (మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉంటాయో చెప్పే కొలతలో) సగం ఉందనుకుంటే, మామూలు 5 శాతం గీటురాయి మీద (అంటే లేని తేడాని ఉందని పొరబడే అవకాశం 5 శాతం మించకుండా) దాన్ని 80 శాతం అవకాశంతో పట్టుకోడానికి గుంపుకి 64 మంది కావాలి. తేడా ఆ విచలనంలో ఐదో వంతే అయితే గుంపుకి దాదాపు 400 మంది! సంఖ్య ముందే తేల్చుకో. రోజూ తొంగిచూసి, తేడా కనబడ్డ రోజున ఆపేస్తే కాకతాళీయమే ఫలితమై కూర్చుంటుంది.

ఏం కొలుస్తావు, ఎంతమందిని తీసుకుంటావు, మధ్యలో మానేసినవాళ్ళని ఏం చేస్తావు, అన్నీ కాగితం మీద పెట్టి మొదలుపెట్టకముందే నాకు పంపు. చీటీల పని ఆ తర్వాత చూద్దాం.

నీ
శీను