డాక్యుమెంటరీ గురించి, గేటు దగ్గరి హారన్ల గురించి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

గత శనివారం ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు ఆటిజంతో, అంటే మెదడు ఎదుగుదలలో చిన్ననాటి నుంచే ఉండే తేడాతో, పెరిగి పెద్దవడం ఎలా ఉంటుందో చూపే డాక్యుమెంటరీని ప్రదర్శించాము. ఆదివారం ఉదయానికే తరగతి వాట్సాప్ గ్రూపుల్లో దానిపై పెద్ద చర్చ నడిచిందని తెలిసింది. సిలబస్ వదిలి ఇవెందుకని కొందరు, అటువంటి పిల్లలను వేరే బడికి పంపితే అందరికీ మంచిదని మరికొందరు రాశారట.

మన బడిలో ఆటిజం ఉన్న పిల్లలు చదువుతున్నారు, ఇక ముందు కూడా చదువుతారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. ఇటువంటి పిల్లలను వివక్ష లేకుండా చేర్చుకుని, తోటివారితో కలిపి చదివించాలన్నది ఆ చట్టం ఉద్దేశం. కనుక వేరే బడి ప్రస్తావన మళ్లీ రాదని ఆశిస్తున్నాను. టీకాల వల్లే ఆటిజం వస్తుందని ఫార్వర్డ్ చేసిన పెద్దమనిషికి ఒక్క మాట: 1998లో ఆ అనుమానాన్ని లేవనెత్తిన వ్యాసాన్ని, అచ్చువేసిన వైద్య పత్రికే 2010లో ఉపసంహరించుకున్నది. తల్లి ఉద్యోగానికి పోవడం వల్ల పిల్లవాడు అట్లా అయ్యాడన్న వ్యాఖ్యకు జవాబివ్వడానికి కూడా నాకు మనసొప్పడం లేదు.

ఆ చిత్రాన్ని మేము చూపించింది తోటి పిల్లల కోసం. మనం గమనించను కూడా గమనించని ట్యూబ్‌లైటు రొద, ఆటిజం ఉన్న కొందరు పిల్లలకు టీచరు గొంతును మించి వినిపించవచ్చు. కళ్లలోకి చూసి మాట్లాడని పిల్లవాడిని పొగరుబోతు అని, చెవులు మూసుకుని బల్ల కిందికి దూరిన పిల్లను మొండిది అని పేరు పెట్టి, ఆ పేరుతోనే పదో తరగతి దాకా పిలిచే అలవాటు పెద్దల నుంచే పిల్లలకు వస్తున్నది. "మెంటల్" అన్న మాటను మా టీచర్లెవరూ నేర్పలేదని మాత్రం గట్టిగా చెప్పగలను.

చిత్రం చూసిన తర్వాత ఎనిమిదో తరగతి అమ్మాయిలు ముగ్గురు, ఎవరూ చెప్పకుండానే, పాత క్యాలెండర్ అట్టలు కత్తిరించి ఆ రోజు పీరియడ్లన్నింటికీ బొమ్మల కార్డులు తయారు చేశారు. వారిలో ఒకమ్మాయి ఇప్పుడు ప్రతి బెల్లుకు ఐదు నిమిషాల ముందు ఎర్ర గంట బొమ్మను ఆటిజం ఉన్న తోటి విద్యార్థి బల్లపై పెడుతుంది. అతడు దానిని చూసి, నింపాదిగా పుస్తకం మూసి, చెవులకు చేతులు అడ్డం పెట్టుకుని సిద్ధంగా ఉంటాడు. మా స్టాఫ్‌రూమ్‌లో ఇన్నేళ్ల అనుభవం ఉన్న మాకెవరికీ తట్టని ఉపాయమిది. ఆ ముగ్గురి తల్లిదండ్రులు గర్వపడవచ్చు. నేనైతే పడుతూనే ఉన్నాను.

ఇక గేటు దగ్గరి సంగతి. లోపల పిల్లలు ఇంత జాగ్రత్త పడుతుంటే, సాయంత్రం బయట కార్లు, బైకులు ఆపకుండా హారన్ కొట్టడం దయచేసి మానండి. హారన్ కొట్టినంత మాత్రాన పిల్లలు గోడ దూకి రారు కదా.

ఎస్‌ఏ-1 పరీక్షల టైంటేబుల్ డైరీలో అంటించాము, రెండో విడత ఫీజు దసరా సెలవులకు ముందే చెల్లించగలరు. బడిలో బతుకమ్మకు ఈసారి డీజే ఉండదు; పాట, చప్పట్లు చాలు, అసలు బతుకమ్మకు డీజే ఎప్పుడు అవసరమైందో నాకు తెలియదు.

డాక్యుమెంటరీని చూడకుండానే అభిప్రాయం చెప్పినవారి కోసం వచ్చే శనివారం ఉదయం పది గంటలకు డిజిటల్ తరగతి గదిలో మళ్లీ ప్రదర్శిస్తున్నాము. ఫోన్లు సైలెంట్‌లో పెట్టుకుని రాగలరు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు,
హనుమకొండ