కలెక్టర్ గారూ, తలుపులను వాయించి తీసుకోండి

కర్నూలు జిల్లా కలెక్టర్ గారికి నమస్కారాలు.

నేను ముప్పై ఏళ్లుగా ఇక్కడి పాతబస్తీలో వడ్రంగం చేసుకుంటున్నవాణ్ని. పోయిన నెల ఒక ప్రభుత్వ పాఠశాలలో ఊడిన గడియ బిగించడానికి వెళ్లాను. చెక్కపట్టీల మీద పలుచని చెక్కపొరలు జిగురుతో అంటించి చేసిన ఆ తలుపు పెట్టి రెండు వానాకాలాలే అయిందట. కింది అంచున గోరు పెడితే పైపొర అరటిదొప్పలా లేచివచ్చింది. లోపలి జిగురు పొడిపొడిగా రాలింది.

ఆ తలుపులు పరీక్షకు నిలిచినవేనన్నారు. నమ్ముతాను. లాటులో ఒకటి రెండు తీసి, ముక్కలు కోసి, మరిగే నీళ్లలో వేసి పొరలు విడుతున్నాయేమో చూస్తారు. కాని పరీక్షించిన తలుపు పొయ్యిలోకి, పరీక్షించనిది బడికి. పైగా కోసేది పేర్చినవాటిలో పైనున్నదాన్నే. పైన ఏది పెట్టాలో సరఫరాదారుకు తెలియదా?

కుండను వాయించకుండా ఎవరూ కొనరు. తలుపునూ సుత్తి పిడితో జానెడు జానెడు ఎడంగా కొట్టి చూడవచ్చు. జిగురు పట్టినచోట ‘టక్’మంటుంది, వదిలినచోట ‘డొబ్’మంటుంది. లోపలి చెక్కపట్టీల మధ్య సందున్నా డొబ్‌మంటుంది కాబట్టి సుద్దతో గుర్తులు పెట్టాలి. సందైతే గుర్తులు గీతలా వరసగా పడతాయి, జిగురు వదిలితే మచ్చలా పరుచుకుంటాయి.

అనంతపురంలో ఇంజనీరింగ్ చదివే మా అబ్బాయి అల్ట్రాసౌండ్ సంగతి చెప్పాడు. తలుపుకు ఇటు చెవికి వినపడని ధ్వని తరంగాన్ని పంపే ప్రోబు, అటు దాన్ని అందుకునే ప్రోబు పెడతారు. గాలి సందు ఎంత పలుచనైనా తరంగం దాదాపు అంతా వెనక్కి తిరుగుతుంది. కాంక్రీటు పరీక్షకు మీ ఇంజనీర్లు వాడే పల్స్ వెలాసిటీ యంత్రం ఇటువంటిదే.

అయితే పొరలు ఆనుకునే ఉండి పట్టు మాత్రం లేకపోతే తరంగం దాటిపోతుంది, యంత్రం సరేనంటుంది. అందుకే మరిగే నీళ్ల పరీక్షను మానేయమనడం లేదు. జిగురు తడికి నిలుస్తుందో లేదో తేల్చేదీ అదే. 2006 జనవరి 2న జర్మనీలోని బాడ్ రైఖెన్‌హాల్‌లో ఐస్ రింక్ పైకప్పు కూలి 15 మంది చనిపోయారు. చెక్క దూలాల్లో వాడిన యూరియా జిగురు తేమకు నిలిచేది కాకపోవడం అందుకు ఒక కారణం. ఇక్కడ 2009 వరద తగ్గాక నేను బురదలోంచి తీసిన తలుపుల్లో తడికి నిలిచే ఫినాల్ జిగురువి ఆరబెట్టి మళ్లీ బిగించాను. తక్కినవి తడిసిన అట్టల్లా చేతికొచ్చాయి.

నేను కోరేది ఒక్కటే. లాటులోని ప్రతి తలుపునూ ముందు వాయించండి, అనుమానమున్నచోట యంత్రం పెట్టండి. కోయడానికి ఆ అనుమానపు తలుపుల్లోంచే తీయండి, బాగా మోగినవాటిలోనూ ఒకటి కోయండి. మీ సిబ్బందికి చూపించమంటే ఏ రోజైనా వస్తాను. సుద్దముక్క, సుత్తి నావే తెచ్చుకుంటాను.

ఇట్లు,
ఒక వడ్రంగి, కర్నూలు