గుడ్డసంచీలో మందులు తెచ్చిన మీకు

2020లో రాకపోకలు స్తంభించి, నా దగ్గర హెచ్‌ఐవీని అణచి ఉంచే నాలుగు రోజుల ఏఆర్‌టీ మాత్రలే మిగిలినప్పుడు, మూడు నెలలకు సరిపడా మందులు మా గుమ్మం దాకా తెచ్చి ఇచ్చి, పేరైనా చెప్పకుండా వెళ్లిపోయిన ఆరోగ్య కార్యకర్తకు నా హృదయపూర్వక కృతజ్ఞతలు.

మీరు సీసాలపై ఉన్న చీటీలు తీసేసి, వాటిని మామూలు గుడ్డసంచీలో చుట్టి తెచ్చారు. ఇరుగుపొరుగువారి కంట నా వ్యాధి పేరు పడకూడదని మీరు తీసుకున్న ఆ జాగ్రత్త నాకు మందులంత విలువైనది.

మాత్రలు ఆగిపోతే అణగి ఉన్న హెచ్‌ఐవీ కొన్ని వారాల్లోనే మళ్లీ విజృంభిస్తుంది. వేసుకుంటూ మానుతూ ఉంటే వైరస్ ఆ మందులకు లొంగకుండా పోయే ప్రమాదమూ ఉంది. సహారాకు దక్షిణాన ఉన్న ఆఫ్రికా దేశాల్లో చికిత్సకు ఆరు నెలలు ఆటంకం కలిగితే 5 లక్షలకు పైగా అదనపు మరణాలు సంభవించవచ్చని ఆ ఏడాది మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్య సమితి ఎయిడ్స్ కార్యక్రమమైన యూఎన్‌ఎయిడ్స్ హెచ్చరించాయి. మందులు నిండుకునే ముప్పు ఉందని జూలై నాటికి 73 దేశాలు తెలిపాయి. నాకు మాత్రం ఆ ముప్పు సీసా అడుగున గలగలలాడిన నాలుగు మాత్రలుగా కనిపించింది.

పరీక్షా కేంద్రాలు మూతపడి, తమకు సోకిందో లేదో తెలుసుకునే దారి ఎందరికో లేకపోయిన ఆ రోజుల్లో, నా భాగస్వామి కోసం స్వయంగా పరీక్షించుకునే కిట్ కూడా నేను అడగకుండానే మీరు ఇచ్చారు.

నా రక్తంలో వైరస్ గుర్తించలేనంత తక్కువగా ఉందని వైద్యులు చెప్పినప్పుడు మొదట మీకే చెప్పాలనిపించింది. మీ చిరునామా తెలియక ఇలా రాస్తున్నాను.