గోషామహల్ బారాదరి నడక గురించి మా మిత్రులకు ఒక వివరణ

మాతో కలిసి హైదరాబాదు పాత పేటల్లో నడిచే మిత్రులందరికీ నమస్కారం. గోషామహల్ బారాదరి అనే పాతకాలపు మందిరం లోపలి భాగం కూడా చూపిస్తామని ప్రకటించి, లిఖితపూర్వకమైన అనుమతి చేతికి రాకముందే మేము డబ్బు తీసుకున్నాము. అందువల్ల గత నెలలో రెండు బృందాలు గేటు దగ్గరి నుంచే వెనుదిరగవలసి వచ్చింది. అది ఫ్రీమేసన్లు అనే సోదర సంఘం వారి సొంత సమావేశ మందిరం. పిలవకుండా వెళ్లినవారిని లోపలికి రానివ్వకపోవడంలో వారి తప్పేమీ లేదు, తప్పు పూర్తిగా మాదే. ఆ రెండు బృందాలకూ రుసుము మొత్తం తిరిగి చెల్లించాము.

మరొక పొరపాటు కూడా ఒప్పుకోవాలి. అక్కడి నుంచి గోల్కొండ కోట దాకా సొరంగం ఉందని మేము ఇన్నాళ్లూ చరిత్రలాగే చెబుతూ వచ్చాము. మా దగ్గర ఆధారం లేని ఆ మాటను ఇకపై చెప్పబోము; ఆ భవనానికి నిజంగా ఉన్న చరిత్రే ఎంతో గొప్పది.

కుతుబ్ షాహీల్లో చివరివాడైన అబుల్ హసన్ తానాషా, అంటే రామదాసు కథలో మనందరికీ తెలిసిన ఆ తానాషాయే, దానిని కట్టించాడు. 1687లో గోల్కొండ ఔరంగజేబు వశమై ఆయన దౌలతాబాదు కోటలో బందీ అయ్యాడు గాని మందిరం మిగిలింది. 1872లో, మొదటి సాలార్ జంగ్ దివానుగా ఉన్న కాలంలో, అది ఫ్రీమేసన్లకు దక్కింది. గోషా అన్న పేరులోనే పరదా చాటు ఉన్న ఆ చోటు, పురుషులు మాత్రమే కూడే మందిరంగా మారడం నన్ను ఇప్పటికీ ఆలోచనలో పడేస్తుంది.

లాడ్జి అనగానే మనకు రాత్రి బస గుర్తుకొస్తుంది. ఫ్రీమేసన్ల వాడుకలో అది సభ్యుల సంఘానికి పేరు. తాపీపనివారి మూలమట్టం, కంపాసు వారి గుర్తులు. సమావేశంలో మత, రాజకీయ వాదాలకు తావు లేదు. చేరేవారు ఎవరి పవిత్ర గ్రంథం మీద వారే ప్రమాణం చేస్తారు కనుక, మన దేశపు లాడ్జీల్లో ఖురాన్, భగవద్గీత, బైబిల్ ఒకే చోట ఉంచుతారు. చాలా ఊళ్లలో జనం జాదూఘర్, అంటే మంత్రాల ఇల్లు, అని భయంగా పిలిచిన మందిరాల్లో జరిగేది ఇదని మా నడకలో వివరంగా చెప్పాలన్నదే నా కోరిక.

వచ్చే నెల నుంచి ఈ నడక బారాదరి బయటి వరకే ఉంటుంది, రుసుము కూడా ఆ మేరకు తగ్గిస్తున్నాము. అనుమతి పత్రం అందిన రోజున మాత్రమే లోపలి సందర్శనను ప్రకటిస్తాము. ఇప్పటికే డబ్బు కట్టినవారు ఈ మార్పు నచ్చకపోతే తెలియజేయండి, పూర్తి మొత్తం వాపసు చేస్తాము.